నొప్పి లేని కామెర్లు, కొత్తగా వచ్చిన షుగరు: పెద్దవారిలో క్లోమ క్యాన్సర్

ప్రశ్న: మా నాయనకు 72 ఏళ్లు. దామలచెరువు దగ్గర మామిడి తోట చూసుకుంటూ మొన్నటి వరకు గట్టిగానే తిరిగారు. ఎనిమిది నెలల క్రితం కొత్తగా షుగరు ఉందన్నారు. అన్నం తగ్గించి సంగటి తింటున్నారు కాబట్టి చిక్కిపోతున్నారనుకున్నాం. 64 కిలోల మనిషి 55కు వచ్చారు. పోయిన నెల కళ్లు పచ్చబడితే మూడు వారాలు పసరు మందు పోయించాం. తగ్గలేదు. తిరుపతిలో స్కానింగు తీస్తే క్లోమం తలభాగంలో గడ్డ ఉంది, క్యాన్సర్ కావచ్చు అన్నారు. నొప్పే లేని మనిషికి క్యాన్సర్ ఎలా ఉంటుంది? ఈ వయసులో కోత వద్దని మా అన్న అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, పాకాల

జవాబు: అమ్మా, మీరు రాసిన షుగరు, చిక్కిపోవడం, కామెర్లు మూడూ ఒకే చోట పుట్టి ఉండవచ్చు. క్లోమం కడుపు వెనుక, వెన్నుకు దగ్గరగా అడ్డంగా ఉండే సుమారు 15 సెంటీమీటర్ల గ్రంథి. తిన్నది అరగడానికి కావలసిన రసాలనూ, చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌నూ అదే తయారు చేస్తుంది. కాలేయం నుంచి పేగుకు పోయే పైత్యరసపు గొట్టం దాని తలభాగం గుండా వెళుతుంది. అక్కడ చిన్న గడ్డ లేచినా ఆ గొట్టం నొక్కుకుపోయి, పైత్యరసం పేగులోకి దిగక రక్తంలోకి మళ్లుతుంది కాబట్టి, నొప్పి అనేదే లేకుండా కళ్లు పచ్చబడతాయి, మూత్రం కాఫీ డికాక్షన్‌లా మారుతుంది, మలం బంకమట్టి రంగుకు వస్తుంది, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద పుడుతుంది. ఇలాంటి కామెర్లతో నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన గోళ్లు, గోకి గోకి, నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుండటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పసరు గురించి మిమ్మల్ని నిందించను. మన వైపు కామెర్లు అనగానే అందరూ మొదట తొక్కే గడప అదే. పసరుతో నయమయ్యాయని మనం వినేవాటిలో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చిన కామెర్లు. అవి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. గొట్టం మూసుకుపోయి వచ్చిన కామెర్లకు ఏ ఆకూ దారి తెరవలేదు. ఈ జబ్బులో పోయిన వారాలు తిరిగి రావు కనుక, 50 దాటిన వారికి నొప్పి లేకుండా కామెర్లు వస్తే ఆ వారంలోనే స్కానింగు చేయించాలని నేను గట్టిగా చెబుతాను. షుగరు సంగతి వేరు. 50 దాటాక కొత్తగా షుగరు వచ్చిన వారిలో ఈ క్యాన్సర్ బయటపడేది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికే. దానికి తోడు కారణం లేకుండా బరువు తగ్గుతుంటే మాత్రం పథ్యం వల్లనే అని సరిపెట్టుకోకూడదు.

ఇక మీ నాయనగారి సంగతి. గడ్డ అన్నంత మాత్రాన క్యాన్సర్ అని తేలినట్టు కాదు. దీర్ఘకాలపు క్లోమం వాపు, స్టెరాయిడ్ మాత్రలకు కరిగిపోయే మరో రకం వాపు కూడా స్కానింగులో అలాగే కనిపించగలవు. ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి, నరంలోకి మందు ఎక్కించి క్లోమం కోసమే ప్రత్యేకంగా తీసే కాంట్రాస్ట్ సీటీ స్కాన్ చేయించండి. కామెర్లు తగ్గించడానికి గొట్టంలో స్టెంటు (దారి తెరిచి ఉంచే సన్నని గొట్టం) వేయాల్సి వస్తే, వీలైనంత వరకు ఈ సీటీ అయ్యాకే వేయించండి. స్టెంటు పడ్డాక బొమ్మలో గడ్డ అంచులు స్పష్టంగా తెలియవు. జ్వరం, చలి వణుకు వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అది గొట్టంలో చీము పట్టిన సూచన కావచ్చు.

కోత విషయంలో మీ అన్నగారి భయం అర్థమవుతోంది. ఈ క్యాన్సర్ బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలున్నవారు ఐదుగురిలో ఒకరు మాత్రమే. మీ నాయనగారు ఆ ఒకరైతే, 72 అనే అంకె ఒక్కటే చూసి ఆ అవకాశాన్ని వదిలేయడం అన్యాయం. విప్పల్ ఆపరేషన్ అనే ఈ శస్త్రచికిత్సలో క్లోమం తలభాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ, పిత్తాశయాన్నీ తీసి మిగిలినవాటిని తిరిగి కలుపుతారు. ఇది పెద్ద ఆపరేషన్. అందుకే వయసుకన్నా ముందు గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎలా ఉన్నాయి, తన పనులు తానే చేసుకుంటున్నారా అన్నవి చూస్తారు. తరచుగా ఈ ఆపరేషన్లు చేసే చోటనే చేయించాలి. తిరుపతిలో స్విమ్స్, శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ఉన్నాయి. చిత్తూరు వారు వేలూరు సీఎంసీకీ వెళుతుంటారు. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగండి.

ఆపరేషన్‌కు వీలుకాదని తేలినా చేయగలిగింది చాలా ఉంది. ఒంటి శక్తిని బట్టి కీమో ఇస్తారు. నడుముకు పాకే నొప్పికి మార్ఫిన్ మాత్రలు, నరాల దగ్గర ఇచ్చే ఇంజెక్షను ఉన్నాయి. తిన్నది అరగక జిడ్డు విరేచనాలు అవుతుంటే ఎంజైము గుళికలు ఇస్తారు. వాటిని భోజనం ముగిశాక కాదు, మొదటి ముద్దతోనే మొదలుపెట్టాలి. జబ్బు పేరు ఆయనకు దాచకండి. తోట చూసుకున్న మనిషి, తన ఒంటి గురించిన నిర్ణయంలో ఆయన మాట ఉండాలి.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. సీఏ 19-9 రక్తపరీక్ష చేయించుకుంటే ఈ క్యాన్సర్ ముందే తెలుస్తుందా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఏ బాధా లేకుండా చేయించుకోవద్దు. మామూలు కామెర్లలోనూ ఆ అంకె పెరుగుతుంది. కొందరి రక్తంలో క్యాన్సర్ ఉన్నా అసలు పెరగదు. రోగం తేలాక చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి అది పనికొస్తుంది. పొగ తాగుతుంటే ఈ రోజే మానేయండి. మీ తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉంటే మాత్రం జన్యు పరీక్ష గురించి క్యాన్సర్ వైద్యులతో మాట్లాడండి.