ఆయిల్ షేల్‌తో ఒక దేశం తన కరెంటు తానే తయారు చేసుకోగలదా?

చేసుకోగలదు, ఎస్టోనియా చేసి చూపించింది. ముందు ఒక తేడా చెప్పాలి. అమెరికాలో ఫ్రాకింగ్‌తో (నీటి ఒత్తిడితో భూమిలోని రాయిని పగలగొట్టి) తీసే షేల్ ఆయిల్ వేరు, ఇది వేరు. ఆయిల్ షేల్ రాయిలో నూనె ఉండదు, కెరోజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. గాలి తగలకుండా దాదాపు 500 డిగ్రీల వేడి పెడితేనే అది నూనె, గ్యాస్ అవుతుంది.

ఎస్టోనియా వాళ్ల భాషలో దీని పేరుకు అర్థం ‘మండే రాయి’. ఈ గోధుమరంగు రాయిని పొడి చేసి, బొగ్గులాగే నేరుగా బాయిలర్లలో కాలుస్తారు. నార్వా అనే ఊరి దగ్గరి ప్లాంట్ల వల్ల 2000ల మొదట్లో ఆ దేశపు కరెంటులో 90 శాతానికి పైగా ఇలాగే వచ్చేది. రష్యాను ఆనుకుని ఉన్న చిన్న దేశానికి అదెంత ధీమానో ఆలోచించండి.

కానీ కాల్చిన రాయి బరువులో దాదాపు సగం బూడిదే. కివియోలి అనే ఊళ్లో (పేరుకు అర్థమే ‘రాతినూనె’) పాత బూడిద గుట్ట ఎంత పెద్దదంటే, చలికాలంలో దానిమీద స్కీయింగ్ చేస్తారు. కార్బన్ కూడా బొగ్గును మించి వస్తుంది. యూరప్‌లో కార్బన్ పర్మిట్ల (కార్బన్ వదిలే ప్లాంట్లు కొనాల్సిన అనుమతుల) రేటు పెరగడంతో 2019లో ఆ ప్లాంట్ల ఉత్పత్తి బాగా పడిపోయింది. అందుకే, కొత్తగా మొదలుపెట్టాలనుకునే దేశానికి నేనైతే వద్దనే చెబుతాను.