ఊళ్లో మినరల్ వాటర్ ప్లాంటు ఉండగా, చేత పట్టుకెళ్లే చవక నీటి శుద్ధి సాధనాలు నిజంగా అవసరమా?

అవసరమే. 2022 జూలైలో మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది ఆ నెలలోనే. నీళ్లు మా అరుగు ఎక్కేశాయి. ప్లాంటు మా ఊళ్లోనూ ఉంది. కరెంటు తీసేశారు, ప్లాంటు ఆగిపోయింది. చేతిపంపు మునిగింది. ఇంట్లో ఉన్న రెండు టిన్నుల నీళ్లు ఏడుగురికి రెండు రోజులు కూడా రాలేదు. కాచుకుందామంటే పుల్లలు తడిసిపోయాయి, గ్యాస్ బండ వంటకైనా సరిపోతుందో లేదో తెలియదు.

మా మామ్మ ఇండుప గింజని సాన మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపింది. కాసేపటికి ఎర్రటి మడ్డంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా తేరుకున్నాయి. కంటికి బాగున్నాయి కదా అని తాగేశాం. తప్పు అక్కడే జరిగింది. మర్నాటికి మా అన్నయ్య కొడుకు, నాలుగేళ్లవాడు, విరేచనాలతో వాలిపోయాడు. వాడికి ఉప్పూ పంచదారా కలిపి పట్టాలన్నా మళ్లీ ఆ నీళ్లే! ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

పొద్దున్నే పడవలో వచ్చిన ఆశా కార్యకర్త క్లోరిన్ బిళ్లల అట్ట ఇచ్చింది. ఇరవై లీటర్లకి ఒక బిళ్ల, వేశాక అరగంట ఆగాలి. (బిళ్లల సైజులు వేరువేరుగా ఉంటాయి, అట్ట మీద చూసి వేసుకోండి.) ముందు నీళ్లు తేరనిచ్చి, గుడ్డలో వడకట్టి, ఆ తర్వాతే వెయ్యమంది. బురదనీళ్లలో వేస్తే మందు బురదకే ఖర్చయిపోతుందట. ఘాటు తగ్గడానికి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నాలుగుసార్లు తిరగపోశాం. పిల్లాడు మెల్లగా తేరుకున్నాడు.

వడకట్టడాన్ని తేలిగ్గా తీసుకోకండి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో పాత చీరని ఎనిమిది పొరలు చేసి వడకట్టిన ఊళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గింది. అయినా మిగతా సగం ఉంటుంది కాబట్టి బిళ్ల మానకూడదు.

ఇదంతా క్రిముల సంగతి. నల్గొండలో మర్రిగూడ వైపు బోరు నీళ్ల బాధ వాటిలో కరిగి ఉండే ఫ్లోరైడ్. దానికి క్లోరిన్ పనిచెయ్యదు, కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఏ ఊరి నీళ్లకి ఏ జబ్బుందో చూడకుండా అందరికీ ఒకటే మిషన్ అమ్మడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మా లంకలకి కావలసింది కరెంటు అడగనిది, బురదకి పూడుకుపోనిది, కూలి మనిషి ఒక రోజు సంపాదనతో కొనుక్కోగలిగేది. వరద వచ్చాక పడవలో కాదు, జూన్‌లోనే ఇంటింటికీ చేరాలి. మేమైతే ఏటా మృగశిర కార్తెకి పాత బిళ్లల అట్ట మీద తేదీ చూసి, దాటిపోతే కొత్తది తెచ్చి, ఇండుప గింజలతో పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెడుతున్నాం.