ఈమధ్య కామెడీ సినిమాల్లో మీకు నచ్చినవేవి? స్టాండప్ షోకి డబ్బు పెట్టి వెళ్లడం దండగా?

సినిమాల్లో నావి రెండు: ‘సామజవరగమన’, ‘లిటిల్ హార్ట్స్’. స్టాండప్‌కి వెళ్లింది ఒక్కసారే. దాని గురించే ఎక్కువ చెప్పాలి.

‘సామజవరగమన’ 2023లో వచ్చింది, మరీ కొత్తదేం కాదు. కానీ నెల్లూరులో మా నాయన పక్కన కూర్చుని చూశా. కొడుకు సంపాదిస్తూ తండ్రి చేత డిగ్రీ పాస్ చేయించడానికి నానా తంటాలు పడే కథ. మా నాయనకి నవ్వొస్తే పక్కవాడి తొడ మీద కొడతాడు. తండ్రి వేషం వేసిన నరేశ్ తెర మీదకొచ్చినప్పుడల్లా నాకు దెబ్బే. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ, "నిన్ను చదివించేటప్పుడు నేనూ ఇట్టనే ఏడ్చినాన్రా" అన్నాడు. తర్వాత అదే సినిమాని ఓటీటీలో ఒక్కణ్ణే పెట్టుకుంటే ఒకటి రెండు చోట్ల తప్ప నవ్వు రాలేదు. కామెడీ సినిమాని ఫోన్‌లో చూసి తిట్టేవాళ్ల మాట నేను పట్టించుకోను, అందుకే.

‘లిటిల్ హార్ట్స్’ 2025 సెప్టెంబరులో వచ్చింది. ఎంసెట్ తప్పి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి కథ. నెల్లూరులో లాంగ్‌టర్మ్ పిల్లలు లేని వీధి వెతకాలి. నేనూ ఒక ఏడాది చేసినవాణ్ణే. ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర లైన్లో నిలబడి, మన వంతు వచ్చేసరికి ఏం మాట్లాడాలో తెలియక "బాగానే ఉంది" అని పెట్టేసేవాళ్లం. హీరో మౌళి మొహంలో ఆ "బాగానే ఉంది" ఉంది. కథ పెద్దగా లేదు గానీ ఆ లోటు నాకు తెలియలేదు.

‘సంక్రాంతికి వస్తున్నాం’ మా ఇంట్లో అందరికీ నచ్చింది, నాకు సగమే. అందులో బుల్లిరాజు అనే పిల్లాడి తిట్లకి హాలంతా ఊగిపోయింది. మా మేనల్లుడు ఇంటికొచ్చి అవే మాటలు వాళ్ల జేజి ముందు అన్నాడు. వీపు విమానం మోత మోగింది.

నాకో కుళ్లు కూడా ఉంది. గోదావరి యాస, తెలంగాణ యాస, చిత్తూరు యాస అన్నీ తెర మీద వెలుగుతున్నాయి. మా నెల్లూరుది మాత్రం ఎప్పుడో ఒకసారి. పాత సినిమాల్లోనే హాస్యనటుడు రమణారెడ్డి నెల్లూరు మాటతో జనాన్ని నవ్వించాడు. ఆయనది మా జిల్లానే లెండి.

ఇక స్టాండప్. పోయినేడు హైదరాబాద్‌లో మా చెల్లెలింటికి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. బావ టికెట్లు తీశాడు, మనిషికి ఐదొందలు. ఒక కేఫ్ మీద గది, యాభై అరవై కుర్చీలు, ఏసీ చల్లగా కొడుతోంది. షో చేసే కుర్రాడు మొదట ఇరవై నిమిషాలు ఫ్లాట్ల అద్దెలు, డేటింగ్ యాప్‌లు, సాఫ్ట్‌వేర్ మేనేజర్లు అంటూ చెప్పుకుపోయాడు. అంతా బట్టీ పట్టినట్టే ఉంది. నా భార్య నా చెవిలో, "ఈ డబ్బుతో అరకిలో రొయ్యలొచ్చేవి" అంది.

అప్పుడు నా వైపు తిరిగి "అన్నా, ఏ ఊరు?" అన్నాడు. నెల్లూరని చెప్పా. "ఓహో, చేపల పులుసు!" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఊరి పేరు చెబితే ఎవరైనా అనే మాటే అది. నాకు చిర్రెత్తి, "మా కాడ పప్పు గూడా వండుకుంటాంలే అన్నా" అన్నా. జోకేద్దామని కాదు, నిజంగా విసుగొచ్చే అన్నా. గది పేలిపోయింది. ఆ కుర్రాడు రెండు సెకన్లు ఆగాడు, మైకు చంకలో పెట్టుకుని నాకో దండం పెట్టాడు. ఆ తర్వాత రాసుకొచ్చింది పక్కన పడేశాడు. ఏ జోకు తేలిపోయినా నా వైపు చూసి "పప్పన్నా, ఇది ఉడికిందా?" అనేవాడు. నేను తల అడ్డంగా ఊపితే జనం ఇంకా నవ్వేవారు. చివరి అరగంటలో నా భార్య కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

మా అబ్బ చెప్పేవాడు, తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క సరసమాడుతూ మధ్యలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల్ని పేరు పెట్టి ఏడిపించేవాళ్లని. తెర వెనక ఉన్నవాళ్లు ఊళ్లోకి దిగగానే ఎవరు పిసినారో, ఎవరికి పెళ్లాం అంటే భయమో కనుక్కునేవాళ్లట. హైదరాబాద్ కుర్రాడు ఆఖరి అరగంటలో చేసిందీ అదే పని.

కాబట్టి దండగ కాదు. కాకపోతే రీల్స్‌లో చూసేసిన కమెడియన్ షోకి వెళ్లకండి, అవే జోకులు మళ్లీ వినాల్సొస్తుంది. చిన్న గది దొరికితే వెళ్లండి. ముందు వరసలో కూర్చుంటే మిమ్మల్ని పట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లు దాన్ని వదలరు. మా బావ ఫోన్‌లో నా నంబరు ఇప్పటికీ పప్పన్న పేరుతోనే ఉంది.