గదిలో గాలి లెక్కలతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. మినీ ప్రాజెక్టు కోసం ‘పారమ్స్’ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ పట్టుకుని, పెయింట్లు, ప్లైవుడ్ నుంచి గదిలోకి వచ్చే రసాయనాల లెక్కలు వేసింది. ఇక ఇదే నా దారి, కోడింగ్ వద్దు అంటోంది. తోటివాళ్లంతా కోడింగ్ కోచింగుల్లో చేరుతుంటే మాకు టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఉందండీ. కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటి వచ్చినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ముందు మీ అమ్మాయి చేసిన పని ఏమిటో చూద్దాం, అప్పుడు ఆమె పట్టుదల మీకే అర్థమవుతుంది.

కొత్త ఇంట్లో ప్లైవుడ్ కప్‌బోర్డు తలుపు తీయగానే ఒక్కోసారి కళ్లు మండుతాయి. జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు పని అది. 30 ఘనపు మీటర్ల పడకగదిలో 10 చదరపు మీటర్ల ప్లైవుడ్ ఉందనుకోండి. చదరపు మీటరు నుంచి గంటకు 0.1 మిల్లీగ్రాము వస్తే, మొత్తం గంటకు 1 మిల్లీగ్రాము. కిటికీ ఓరగా తెరిచి ఉండి, గంటలో 15 ఘనపు మీటర్ల కొత్త గాలి లోపలికి వస్తే, ఒక ఘనపు మీటరు గాలిలో నిలిచేది సుమారు 0.067 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు, అరగంట సగటున, 0.1. ఫరవాలేదు. అదే గదిలో ఏసీ వేసి అన్నీ బిగిస్తే, కొత్త గాలి 6 ఘనపు మీటర్లకు పడిపోయిందనుకుందాం. లెక్క 0.17కి చేరుతుంది. అదే చెక్క, అదే గది, హద్దు మాత్రం దాటిపోయింది.

అసలు చిక్కు, ప్లైవుడ్ వదులుతుందనుకున్న ఆ మొదటి 0.1 దగ్గరే ఉంది. అది ఎక్కడినుంచి తెచ్చాం? వేడి పెరిగితే అది పెరుగుతుంది, చెక్క పాతబడితే తగ్గుతుంది. గది గాలిలో వాయువు పేరుకుంటున్నకొద్దీ చెక్క వదిలేది కూడా తగ్గుతుంది కాబట్టి, నేను చెప్పిన 0.17 కాస్త ఎక్కువే అయ్యుండవచ్చు. చెక్కలో ఆ రసాయనం ఎంత వేగంగా కదులుతుంది, చెక్కకూ గాలికీ మధ్య ఎలా పంచుకుంటుంది, ఇలాంటి విలువలనే పారామీటర్లు అంటారు. ప్రతి పెయింటునూ ప్రతి చెక్కనూ చాంబర్‌లో, అంటే మూసిన పరీక్ష పెట్టెలో పెట్టి పరీక్షించడం అయ్యే పని కాదు. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, ఇలాంటి విలువలను అంచనా కట్టే 30 పద్ధతులను ఒక్కచోట చేర్చి పారమ్స్ తయారు చేసింది. దాని యూజర్ గైడ్ 2005లో వచ్చింది.

అంచనా అంచనాయే. దాన్ని కొలిచిన విలువ పక్కన పెట్టి, ఇది నమ్మొచ్చు, ఇది నమ్మకూడదు అని కారణంతో చెప్పగలవాళ్లు తక్కువమంది. మీ అమ్మాయి ఆ తక్కువమందిలో ఒకరు కావాలి. ఈ లెక్కలు ప్రాణాల దాకా వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో వంటింటి పొయ్యిలకు హద్దులు పెట్టినప్పుడు, వంటగది సైజు, గాలి మార్పిడి, పొయ్యి వెలిగే గంటలు తీసుకుని ఇలాంటి మోడల్‌తోనే లెక్కకట్టింది. పొగగొట్టం లేని పొయ్యి నిమిషానికి 0.23 మిల్లీగ్రాములకు మించి సన్నధూళి వదలకూడదంది. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మన అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ కట్టి చూపలేదు.

ఇక ఉద్యోగాలు. క్యాంపస్‌కు ఈ పేరుతో కంపెనీలు రావడం అరుదు. మొదట్లో జీతం కూడా ఐటీ స్నేహితుల కంటే తక్కువే ఉండవచ్చు. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. బీటెక్‌తో ఆపితే కష్టం, ఎంటెక్ కావాలి. గేట్‌లో కెమికల్ పేపరు ఎలాగూ రాయగలదు. 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్‌కు విడిగా పేపరుంది, రెండోదిగా అదీ చూడొచ్చు. ఐఐటీ బాంబేలో ఈ సబ్జెక్టుకు ప్రత్యేక విభాగం ఉంది. పరిశోధన వైపైతే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి, దాని హైదరాబాద్ కేంద్రం. గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెన్సీలు, పెయింటు, ప్లైవుడ్ కంపెనీల ల్యాబులు మరో దారి. హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ భవనం అమెరికా బయట, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనం. ఆ రేటింగ్‌లో తక్కువ ఆవిర్లు వదిలే పెయింట్లకూ జిగుర్లకూ పాయింట్లుంటాయి. పీహెచ్‌డీ దాకా ఆసక్తి నిలిస్తే వర్జీనియా టెక్, డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ ఈ రంగంలో పెద్ద పేర్లు.

కోడింగ్ వద్దనే మాట మాత్రం మీ అమ్మాయిని మార్చుకోమనండి. పైథాన్ నేర్చుకుని, పారమ్స్ చేసే లెక్కల్లో రెండు మూడు తానే రాసి, రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూడాలి. ఇంటర్వ్యూలో దాని విలువ సర్టిఫికెట్ కంటే ఎక్కువ. రేపు మనసు మారినా ఆ విద్య వృథా పోదు.

ఈ సెలవుల్లో మీ ఇంట్లోనే ఒక పని చేయించండి. రాత్రంతా తలుపులేసుకుని పడుకున్న గదిలోంచి ఉదయం అందరూ బయటికొచ్చి, తలుపు మళ్లీ మూసి, కార్బన్ డయాక్సైడ్ మీటరును లోపలే ఉంచి ఐదు నిమిషాలకోసారి రీడింగ్ నమోదయ్యేలా చూడాలి. బయటి గాలిలో ఉండేది తీసేశాక 1000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వెయ్యి భాగాలు) ఉన్నది గంటలో 600 దగ్గరికి దిగితే, ఆ గదిలో గాలి మార్పిడి గంటకు సుమారు సగం, అంటే గది పరిమాణంలో సగమంత కొత్త గాలి గంటలో లోపలికి వస్తోందన్నమాట. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవమనండి. మీటరు కొనేటప్పుడు పరారుణ కాంతితో కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉన్నదే అడగండి. చౌకవాటిలో కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవవు.