అమ్మలూ, సర్వర్ లేని నెట్‌వర్క్ గురించి

పెదవాల్తేరు, విశాఖపట్నం

అమ్మలూ,

ప్రాజెక్టుకి సర్వర్ లేకుండా ఫైల్ షేరింగ్ కడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఇన్నేళ్లూ కేబుళ్లు, రూటర్ల మధ్య బతికినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

ఎవరి దగ్గర ఏముందో ఒకచోట లిస్టు పెడితే చాలనుకుంటావేమో. 1999లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ చేసింది అదే. పాటలు జనం కంప్యూటర్లలో, జాబితా మాత్రం కంపెనీ సర్వర్లలో. కోర్టు కేసు పడి 2001లో అవి ఆపేసరికి అంతా ఆగింది. తర్వాత నుటెల్లా అనే నెట్‌వర్క్ జాబితానే తీసేసింది: పక్కవాణ్ణి అడుగు, వాడు తన పక్కవాణ్ణి అడుగుతాడు. 2014లో హుద్‌హుద్ మర్నాడు ఫోన్లు మూగబోతే, పాల ప్యాకెట్లు ఎక్కడున్నాయో మన వీధిలో ఇలాగే కనుక్కున్నాం. ఊరంతా అలా అడగడం మొదలెడితే కేకలే మిగులుతాయి.

అందుకే 2002 నాటి కాడెమ్లియా పేపర్ చదువు, కేకలు లేకుండా వెతికే పద్ధతి అందులో ఉంది. ప్రతి కంప్యూటర్‌కీ ఓ నంబరు, ప్రతి ఫైలుకీ ఓ నంబరు. ఫైలుకి దగ్గరి నంబరున్నవాళ్లే దాని ఆచూకీ చెప్పాలి. దగ్గరంటే తీసివేత కాదు, ఎక్సార్: రెండు నంబర్లనీ 0, 1లతో బైనరీలో రాసి, అంకె ఒకటే అయిన చోట 0, వేరైన చోట 1 వెయ్యడం. కాగితం మీద వేసి చూడు: 5 అంటే 101, 4 అంటే 100, దూరం 1. 6 అంటే 110, 5 నుంచి దాని దూరం 011, అంటే 3! ఇది ఒంటబట్టేదాకా కోడ్ ముట్టుకోకు. అడుగడుక్కీ దూరం సగమవుతుంది కాబట్టి పది లక్షల మెషీన్లున్నా సుమారు 20 అడుగుల్లో పని తేలుతుంది.

అసలు తలనొప్పి వచ్చిపోయేవాళ్లతోనే. తెలిసినవాళ్ల అడ్రసుల్ని దూరాన్ని బట్టి బకెట్లుగా విడదీసి, ఒక్కో బకెట్‌లో 20 అడ్రసులే పెట్టుకుంటాం. నిండాక కొత్తవాడొస్తే, చాన్నాళ్లుగా పలకని పాతవాడికి ముందు పింగ్ కొట్టు, అంటే ఉన్నావా అని చిన్న సందేశం పంపు. పలికాడా, కొత్తవాడికి చోటు లేదు. అన్యాయంగా ఉంటుంది గానీ, గంటసేపు ఆన్‌లో ఉన్నవాడు ఇంకో గంట ఉండే అవకాశమే ఎక్కువ. దొంగ నంబర్లతో నీ అడ్రసుల పట్టిక ముంచేద్దామనుకునేవాడికీ కొంత అడ్డు.

నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతా. కొత్తవాళ్లు చేరడానికి ఒకే మెషీన్ అడ్రసు కోడ్‌లో రాశాను, అదీ మా ఇంట్లో పాత డెస్క్‌టాప్. కరెంటు పోయింది. లోపలున్నవాళ్లు హాయిగా ఉన్నారు, కొత్తవాళ్లకి గుమ్మమే లేదు! నువ్వు మూడు నాలుగు చోట్ల పెట్టు, కలిసినవాళ్ల అడ్రసులు డిస్క్‌లో దాచుకో.

ల్యాబ్ వైఫైలో నడిచిందని సంబరపడకు, మొబైల్ డేటా మీద నాట్ (చాలా మెషీన్లని ఒకే బయటి అడ్రసు వెనక పెట్టే ఏర్పాటు) వెనకనుంచి కూడా చూడు. ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకురా, నెట్‌వర్క్‌లో సగం మెషీన్లు ఆపేసి చూద్దాం. పెద్దమ్మ వంజరం పులుసు పెడతానంది.

పెదనాన్న