వేలిముద్ర సెన్సర్ ముందుండాలా, వెనకుండాలా? మిర్చి యార్డులో రెండూ వాడి చెబుతున్నా

మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో రెండు ఫోన్లు చూశారు. ఒకదానికి వేలిముద్ర సెన్సర్ ముందు హోమ్ బటన్‌లో ఉంది, రెండోదానికి వెనక కెమెరా కింద ఉంది. ఏడాదిపాటు మీరు వాడి, తర్వాత అమ్మగారికి ఇచ్చేస్తారు. ఏది తీసుకోవాలి?

అమ్మగారికి ఇచ్చే ఆలోచన గట్టిదైతే ముందు సెన్సర్ ఉన్నదే తీసుకోండి. మీ ఒక్కరికే అయితే వెనక ఉన్నది తీసుకోమనేవాణ్ని.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. 2017లో కొన్న ఫోనుకు సెన్సర్ వెనక ఉండేది, కెమెరా కింద చిన్న గుండ్రటి గుంటలా. సీజన్‌లో నా ఫోను చొక్కా జేబులోనే ఉంటుంది. ఒక చేతిలో కాటా చీటీలు పట్టుకుని రెండో చేత్తో ఫోను తీస్తుంటే చూపుడువేలు దానంతటదే వెళ్లి ఆ గుంట మీద వాలేది. ఫోను కళ్ల ముందుకు వచ్చేసరికి లాక్ తీసి ఉండేది. పెద్ద ఫోన్లలో బొటనవేలిని అడుగున ఉన్న బటన్ దాకా దించాలంటే పట్టు సడలుతుంది. వెనక ఉంటే పట్టు మార్చాల్సిన పనే లేదు. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నడుస్తూ, దుమ్ముకు తుమ్ముతూ, ఊళ్లో ఉన్న రైతుకు ఆ పూట ధర చెప్పాల్సి వచ్చినప్పుడు అది నాకు చాలా పనికొచ్చింది.

మధ్యాహ్నం లెక్కలకు కూర్చుంటే మాత్రం అదే ఫోను విసిగించేది. ఫోను బల్ల మీద ఉంటుంది, ముందు పద్దు పుస్తకం ఉంటుంది. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఫోను ఎత్తి వెనక తడమాలి, లేదా పిన్ కొట్టాలి. విజయవాడ వెళ్లేటప్పుడు బండి హోల్డర్‌లో పెడితే సెన్సర్ పూర్తిగా మూసుకుపోయేది. మంగళగిరి దగ్గర బండి పక్కకు ఆపి మ్యాప్ చూద్దామన్నా ఫోను ఊడదీయాల్సిందే. కాబట్టి మీ ఫోను రోజులో ఎక్కువసేపు జేబులో ఉంటుందా, బల్ల మీద ఉంటుందా అన్నది ముందు చూసుకోండి.

ఇక అమ్మ సంగతి. మా అమ్మ ఇరవై ఏళ్లు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లింది. ఎడమ చేత్తో కాయ పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడిమ నొక్కి విరవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆ రెండు వేళ్ల కొసలు ఇప్పుడు వెలుగులో పెట్టి చూసినా గీతలు కనపడవు. నున్నగా అరిగిపోయి, పైన సన్నటి పగుళ్లు మిగిలాయి. రేషన్ దగ్గర వేలు పడక, కొంగుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెట్టడం ఆమెకు అలవాటు. వెనకున్న లైన్ అంతా చూస్తుండగా అలా నిలబడాల్సి రావడం ఎంత బాధో నేను కళ్లారా చూశాను. నా ఫోను ఆమెకు ఇచ్చినప్పుడూ అదే జరిగింది. చూపుడువేలు నమోదు కావడానికే పావుగంట పట్టింది, మర్నాటికి ఫోను దాన్ని గుర్తుపట్టలేదు.

అది ఫోను తప్పు కాదు. ముందు బటన్‌లో ఉన్నా, వెనక ఉన్నా ఆ సెన్సర్లు చాలావరకు కెపాసిటివ్ రకం. వేలి మీది గట్లు సెన్సర్‌కు తగులుతాయి, గట్ల మధ్య పల్లాలు కాస్త ఎడంగా ఉంటాయి. ఆ ఎడం వల్ల కెపాసిటెన్స్‌లో, అంటే విద్యుత్ ఛార్జ్‌ను పట్టి ఉంచే గుణంలో, వచ్చే తేడాను చదివి సెన్సర్ ముద్ర తయారు చేసుకుంటుంది. గట్లు అరిగిపోతే తేడా దొరకదు. చర్మం బాగా ఎండిపోతే సిగ్నల్ తగ్గుతుంది, తడి ఎక్కువైతే పల్లాలు నిండిపోతాయి. చోటు మార్చినంత మాత్రాన సెన్సర్ ఇంతకంటే బాగా చదవదు. చోటును బట్టి మారేది మనం వాడగలిగే వేలు.

ఇదే నేను ఆలస్యంగా తెలుసుకున్నది. వెనక సెన్సర్‌కు సులువుగా అందేవి చూపుడువేళ్లు, మహా అయితే మధ్యవేళ్లు. ముందు బటన్ మీద పది వేళ్లలో ఏదైనా పెట్టొచ్చు. ఒక ఆదివారం అమ్మ వేళ్లన్నీ ఒక్కొక్కటిగా పట్టి చూశాను. ఎడమచేతి ఉంగరపు వేలి మీద గీతలు చక్కగా ఉన్నాయి. ఆ పనిలో దానికి పెద్దగా రాపిడి లేదు. ఆ వేలితో వెనక సెన్సర్ నొక్కి చూడండి, ఫోను చేతిలోంచి జారినంత పనవుతుంది. అప్పుడు ముందు బటన్ ఉన్న పాత ఫోను ఒకటి కొన్నాను. వేలిని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, పొడిగా ఆరనిచ్చి, అదే వేలిని రెండుసార్లు వేరు వేరు పేర్లతో నమోదు చేశాను. ఫోను ఒళ్లో పెట్టుకుని అమ్మ వేలు ఆనించింది. తెరుచుకుంది. "పడిందిరా" అంది. మళ్లీ లాక్ చేసి, మళ్లీ పెట్టి చూసుకుంది.

ముందు బటన్ ఉన్న ఫోన్లు కొత్తవి ఎందుకు దొరకవంటే, స్క్రీన్ అంచుల దాకా పెరిగి బటన్‌కు చోటు లేకుండా పోయింది. ముందు బటన్‌లో సెన్సర్ పెట్టడం 2013లో ఐఫోన్ 5ఎస్‌తో బాగా పేరొచ్చిన పద్ధతి. 2017లో ఐఫోన్ టెన్ వేలిముద్రనే వదిలేసింది. అదే ఏడాది గెలాక్సీ ఎస్8లో సెన్సర్ వెనక కెమెరా పక్కకు వెళ్లింది. వేలు లెన్స్ మీద పడుతోందని చాలామంది అన్నారు, ఎస్9లో దాన్ని కెమెరా కిందికి దించారు. మీరు వెనక సెన్సర్ ఫోనే తీసుకుంటే ఈ ఒక్కటి చూసుకోండి: సెన్సర్ కెమెరా కింద, మీ చూపుడువేలు ఆనే ఎత్తులో ఉండాలి.

స్క్రీన్ లోపలి సెన్సర్ కూడా ముందున్నట్టే లెక్క, ఏ వేలైనా పెట్టొచ్చు. ఇప్పుడు నేను వాడుతున్నది అదే, ఆప్టికల్ రకం. స్క్రీన్ వెలుగుతో వేలిని ఫొటో తీస్తుంది. యార్డులో మిట్టమధ్యాహ్నం ఎండలో, అద్దం మీద కారం దుమ్ము ఉంటే రెండు మూడుసార్లు పెట్టాల్సి వస్తోంది. టెంపర్డ్ గ్లాస్ వేయించాక వేలిముద్ర మళ్లీ కొత్తగా నమోదు చేసుకోండి. 2019లో గెలాక్సీ ఎస్10 మీద కొన్ని రకాల సిలికాన్ కవర్లు వేస్తే నమోదు చేయని వేలికి కూడా తెరుచుకుందని బయటపడి, శాంసంగ్ అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. పక్కన పవర్ బటన్‌లో ఉండే సెన్సర్ మీకు బాగానే పనికొస్తుంది, బల్ల మీద ఉన్నా అందుతుంది. కానీ ఆ పట్టీ సన్నగా ఉంటుంది, వేలిలో కొంత భాగమే చదువుతుంది. అరిగిన వేళ్లున్న పెద్దవాళ్లకు అది కొనమని నేను చెప్పను.

మీరు చూసినది హోమ్ బటన్ ఉన్న ఐఫోన్ అయితే డబ్బు కట్టే ముందు సెట్టింగ్స్‌లో టచ్ ఐడీ తెరిచి, అక్కడే మీ వేలు నమోదు చేసి చూడండి. ఆ బటన్ లోపలి బోర్డుతో జత కట్టి ఉంటుంది. బయట షాపులో బటన్ మార్పించి ఉంటే వేలిముద్ర పనిచేయదు. ఆండ్రాయిడ్‌లో ముందు బటన్ ఉన్నవి ఎక్కువగా పాత మోడళ్లు కాబట్టి, మీ బ్యాంకు యాప్ అందులో ఇంకా ఇన్‌స్టాల్ అవుతుందో లేదో అక్కడే చూసుకోండి.

విజయవాడలోనే కొంటానన్నారు కాబట్టి కుదిరితే అమ్మగారిని కూడా షాపుకు తీసుకెళ్లండి. బొటనవేలితో మొదలుపెట్టకండి. ముందు ఆవిడ వేళ్లు వెలుగులో చూసి, గీతలు బాగా కనపడే వేలు ఎంచుకోండి. నమోదు చేశాక పదిసార్లు లాక్ చేసి తీయించండి. పదిలో ఏడెనిమిది సార్లు తెరుచుకుంటే తీసుకోవచ్చు. ఫోను రీస్టార్ట్ అయితే ఎలాగూ పిన్ అడుగుతుంది కాబట్టి ఆ పిన్ ఆవిడకు గుర్తుండే అంకెలతో ఆవిడ చేతే పెట్టించండి. మా అమ్మకు నేను పెట్టిన పిన్ గుర్తులేక, ఒకసారి నేను యార్డు నుంచి ఇంటికి వచ్చేదాకా ఫోను తెరవలేకపోయింది.