నా పనులు నేనే చేసుకోవాలని ఉంది

ప్రశ్న: నా వయసు 54. కొన్నేళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) ఉంది. మందులతో నొప్పులు కాస్త అదుపులోనే ఉన్నాయి గానీ వేళ్లలో పట్టు లేదు. సీసా మూత తీయాలన్నా, గుండీలు పెట్టుకోవాలన్నా కోడలిని పిలవాలి. ఆ పిల్ల విసుక్కోదు, నాకే మొహమాటం. పడిపోతానేమోనని ఈమధ్య స్నానానికి కూడా తోడు వస్తానంటోంది. పొద్దున పూటైతే దువ్వెన కూడా పట్టుకోలేను. ఎవరి మీదా ఆధారపడకుండా ఉండే దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: దారి ఉందమ్మా. అయితే అన్ని పనులూ ఒకేసారి మీ చేతికి రావాలనుకోకండి. ముందు స్నానం, బాత్రూమ్, బట్టలు. సీసా మూత ఎవరు తీసినా పోయేదేం లేదు. స్నానం దగ్గర మాత్రం ఎవరి గుట్టు వాళ్లకుండాలి.

ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే మనిషిగా, నేను ఎవరింటికి వెళ్లినా ముందు చూసేది బాత్రూమే. వాళ్లేమో వంటింట్లోకి పిలిచి, కొన్న పరికరాలన్నీ చూపిస్తారు. బాత్రూమ్‌లో చూస్తే పట్టుకోవడానికి తువ్వాలు ఆరేసుకునే కడ్డీ తప్ప ఇంకేం ఉండదు. అది మనిషి బరువుకు ఆగదు, ఊడి చేతిలోకి వస్తుంది. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి గ్రాబ్ బార్లు గోడలోకి గట్టిగా బిగించండి. కింద జారని మ్యాట్ వేయండి. రబ్బరు కాళ్ల స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తున్నాయంటే ఆ స్టూలు పొట్టిది, లేచేటప్పుడు ఏడిపిస్తుంది. కమోడ్ కూడా అంతే, ఎత్తు చాలకపోతే పైన అమర్చే సీట్లు దొరుకుతాయి. గుండ్రంగా తిప్పే కుళాయి తీయించి లివర్ కుళాయి పెట్టిస్తే మోచేత్తో నెట్టినా నీళ్లొస్తాయి. తలుపుకి, అవసరమైతే బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి. మీరు నిశ్చింతగా తలుపేసుకోవచ్చు, మీ కోడలికీ టెన్షన్ ఉండదు.

పొద్దుటి సంగతి. ఈ జబ్బులో కీళ్లు బిగుసుకుపోవడం గంటకు పైగా ఉండొచ్చు. ఆ గంటలో పనులు పెట్టుకోకండి. గోరువెచ్చటి నీళ్లలో చేతులుంచి, నీళ్లలోనే వేళ్లు మెల్లగా ముడుస్తూ చాపుతూ ఉండండి. దువ్వుకోవడం ఆ తర్వాతే. ఈ బిగువు రోజురోజుకీ పెరుగుతుంటే అది పరికరాలతో తీరేది కాదు, డాక్టరుకి చెప్పి మందులు సరిచూడమనండి. ఏదైనా ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి, వేడెక్కి, జ్వరం వచ్చిందంటే మాత్రం అదే రోజు వెళ్లాలి.

ఇక మూత. దాన్ని వేళ్లతో బిగించి పట్టి తిప్పితే భారమంతా చిన్న కీళ్ల మీద పడుతుంది. ఈ జబ్బులో వేళ్లు చిటికెన వేలి వైపు ఒరుగుతుంటాయి, గట్టి పట్టు దానికి తోడవుతుంది. అందుకని సీసా కింద తడిగుడ్డ వేసి కదలకుండా చేయండి. మూత మీద పల్చటి రబ్బరు ముక్క పరిచి, అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కుతూ భుజంతో తిప్పండి. వేళ్లు ఊరికే పక్కన ఉండాలి, అంతే. సంచి కూడా వేళ్లకు తగిలించుకోకుండా భుజానికో, మోచేతి మడతలోనో వేసుకోండి. చిన్న కీలు చేసే పనిని పెద్ద కీలుకి అప్పజెప్పడమే ఇందులో కిటుకు. దువ్వెన, బ్రష్షు, పెన్ను పిడులకు ఫోమ్ గొట్టం తొడిగితే పిడికిలి అంతగా బిగించక్కర్లేదు.

ఇలాంటివి వాడటానికి నామోషీ పడేవాళ్లున్నారు. లావుపాటి మెత్తటి పిడులతో వంటింటి సామాను అమ్మే ఆక్సో కంపెనీని 1990లో అమెరికాలో శామ్ ఫార్బర్ పెట్టింది, ఆర్థ్రైటిస్‌తో ఆయన భార్య బెట్సీ చేతులు పడే ఇబ్బంది చూసే. ఇప్పుడు ఏ నొప్పీ లేనివాళ్లు కూడా అవే కొనుక్కుంటున్నారు. గుండీలకైతే, పైకి గుండీలే కనబడేట్టు ఉంచి వెనక వెల్‌క్రో కుట్టించుకోండి. అలా వద్దనుకుంటే గుండీని కాజాలోంచి లాగే చిన్న కొక్కెం దొరుకుతుంది.

ఎంత పని చేయొచ్చు అంటారా? చేసిన పని తాలూకు నొప్పి రెండు గంటలు దాటినా తగ్గలేదంటే శక్తికి మించి చేసినట్టే. రేపు అందులో సగం చేయండి. మీ కోడలితోనూ ఒక మాట అనుకోండి: “పిలిస్తే రా, పిలవకపోతే ఎంతసేపైనా ఆగు.” మీరు గుండీతో కుస్తీ పడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆ అమ్మాయికీ కష్టమే మరి.

ప్రశ్న: నాకు కుడి మోకాలు అరిగింది. చేతికర్ర కూడా కుడిచేత్తోనే పట్టుకోవాలి కదా? మెట్లెక్కాలంటే భయంగా ఉంటోంది.
– మరో పాఠకుడు

జవాబు: కాదండీ, ఎడమ చేత్తో. కర్ర, కుడికాలు కలిసి ముందుకు పడాలి, అప్పుడే ఆ మోకాలి మీద బరువు తగ్గుతుంది. చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రా నొప్పి కాలూ. రెండో చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. కర్ర అడుగున ఉండే రబ్బరు బుడిపెను అప్పుడప్పుడు తిప్పి చూడండి. గాళ్లు అరిగి నున్నగా అయితే కర్ర మార్చక్కర్లేదు, ఆ బుడిపె ఒక్కటీ మార్చుకుంటే చాలు.